ఎవరి ఊలు వాళ్లకి

పొద్దున్న క్లాసు అవగానే యోగా మాస్టారు చీపురు అందుకునేవాడు. చాపలన్నీ చుట్టి గోడకి నిలబెట్టి, నేల మీద రాలిన పింజంతా ఒక మూలకి ఊడ్చి, గుడ్డసంచీలో కుక్కి ఇంటికి తెచ్చేవాడు. వంటింటి గుమ్మం పక్కన దించి, "ఇవాళ బాగా రాలింది. ఆఫీసుల్లో బదిలీల కాలం కదా," అనేవాడు భార్యతో.

శవాసనంలో పడుకున్నప్పుడు మనుషుల బెంగలు పింజలుగా రాలి, మెడ కింద, భుజాల పక్కన, నడుము దగ్గర చాప మీద పోగుపడతాయి. ఊపిరి బాగా వదిలేవాళ్లకి ఎక్కువ రాలుతుంది, మొహమాటస్తులకి తక్కువ. ఉద్యోగం బెంగ పసుపుపచ్చగా ఉంటుంది. ఒంట్లో జబ్బుల బెంగ నాచురంగు. కూతురి కాపురం బెంగ ఎర్రమట్టి రంగు, పట్టుకుంటే జిగురు. క్లాసు నుంచి వెళ్తూ జనం ఒకరి చాప వంక ఒకరు చూసుకుని, "నీకు ఇవాళ బానే దిగిందే," అని మెచ్చుకునేవారు. ఆ దిగినది తర్వాత ఏమవుతుందని మాత్రం ఒక్కరూ అడిగేవారు కాదు. పళ్లు తోముకుని ఉమ్మేసిన నీళ్ల గురించి ఎవరు అడుగుతారు?

మాస్టారి భార్య ఏనాడూ ఆ చాప మీద పడుకోలేదు. ఆ వేళకి ఆమె పిల్లల పెట్టెల్లో అన్నం సర్దుతూ, ఒకడి బూటు వెతుకుతూ, ఒకత్తి జడ వేస్తూ ఉండేది. వాళ్లు బడికి పోయాక సంచీ విప్పేది. పింజని సబ్బునీళ్లలో నానబెట్టి, పిండి, కిటికీ దగ్గర ఆరబెట్టి, ఏకి, కదురు మీద వడికి, ఉండలు చుట్టేది. సాయంత్రం ఒక కంట పిల్లల చదువు చూస్తూ, ఒక కంట పొయ్యి చూస్తూ స్వెట్టర్లు అల్లేది. చలి ఎముకలు కొరికే ఊరది. కొన్న ఊలు కంటే ఈ ఊలే వెచ్చన.

అల్లిక నేర్పింది అత్తగారు. దొరికినదాన్ని పారేయకూడదన్న సిద్ధాంతమూ ఆవిడదే. "ఇంత మంచి ఊలు ఊరికే వస్తుంటే వద్దంటామా?" అనేది. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే మనుషులున్నారని లోకంలో ఒక మాట ఉంది. ఆ ఇంట్లో తాగలేదు గానీ, పిల్లలకి తొడిగారు.

ఆ ఏడు చలి మొదలైనప్పుడు పిల్లలిద్దరికీ కొత్త స్వెట్టర్లు వచ్చాయి. పెద్దది ఆడపిల్ల, తొమ్మిదేళ్లది. నడవాల్సిన చోట పరిగెత్తి, పరిగెత్తాల్సిన చోట దూకేది కాబట్టి అందరూ పిడుగు అని పిలిచేవారు. రెండోవాడు నాలుగేళ్ల చిన్నాడు. స్వెట్టర్లు వేసుకున్న వారానికి, భోజనాల దగ్గర చిన్నాడు చెంచా కింద పెట్టాడు.

"ఉప్పు తగ్గించమన్నాడు డాక్టరు," అన్నాడు.

అంతా విరగబడి నవ్వారు. పిడుగు నవ్వలేదు. చెంపకి చెయ్యి ఆనించి, "ఈసారైనా నాకు ప్రమోషను ఇస్తారో, మళ్లీ ఆ నిన్నగాక మొన్న వచ్చినవాణ్ణే కూర్చోబెడతారో," అంది.

"అచ్చం మీ తాత లాగే మూలుగుతున్నావే," అని నాయనమ్మ కళ్లు తుడుచుకుంది. మర్నాడు పక్కింటావిణ్ణి పిలిచి మరీ వినిపించింది. ఆవిడ చిన్నాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, "ఏం నాయనా, మోకాళ్లు ఎలా ఉన్నాయి?" అని అడిగింది. "మెట్లు ఎక్కితే పట్టేస్తున్నాయి," అని వాడు చెప్తే మళ్లీ నవ్వులు.

పిల్లల నోట పెద్దల ఏడుపు వింటే నవ్వొస్తుంది మనవాళ్లకి. ముద్దుగా ఉందంటారు. ఆ మాట పిల్లలకి ఎక్కణ్ణుంచి వచ్చిందని ఒక్కసారి వెనక్కి చూసుకుంటే ముద్ద దిగదు. తల్లి కూడా నవ్వింది. అది రాయకుండా దాటేయడం న్యాయం కాదు. అల్లింది ఆ చేతులే.

చలి ముదిరేసరికి పిడుగు పరిగెత్తడం మానేసింది. ఒకరోజు క్లాసు టీచరు తల్లిని ఆపింది.

"ఏమ్మా, ఇంట్లో ఏమైనా గొడవలా?"

"లేవండి. ఏం?"

"మీ పిల్ల బెంచీని గోడ దగ్గర్నుంచి క్లాసు మధ్యకి లాక్కుంటోంది. గోడ పక్కన కూర్చున్న పిల్లల్ని కూడా లేపేస్తోంది. ఆటల వేళ బయటికి రాదు, వేలి కణుపుతో గోడలన్నీ కొట్టుకుంటూ చెవి ఆనించి వింటుంది. అడిగితే 'మీకు తెలియదులెండి' అంటుంది. ఆ అనడం కూడా ఎలా అంటుందనుకున్నారు? మా మామగారు అన్నట్టు."

ఆ ఆదివారం తల్లి పిడుగుని ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వుతుంటే పాపిడి పక్కన తెల్ల వెంట్రుక కనిపించింది. దారం పోగు అంటుకుందేమో అనుకుని లాగింది. పిల్ల "అబ్బా" అంది. తల్లి దువ్వెన పక్కన పెట్టింది.

"ఏం దాస్తున్నావే నా దగ్గర?"

పిడుగు గుమ్మం వంక ఒకసారి చూసుకుంది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

"అమ్మా, నేను సిమెంటు తక్కువ వేశాను."

"ఎక్కడ?"

"మిల్లు పక్కన పసిపిల్లల్ని పెట్టే గది ఉంది చూడు, దాని పడమటి గోడలో. ఇసుక ఎక్కువ కలిపాను. ఇనుపచువ్వలు పెట్టాల్సిన చోట పెట్టలేదు. పైకి తెలియకుండా నున్నగా పూత పూయించాను. దాని మీద కుందేలు బొమ్మ గీయించాను. మధ్యాహ్నం పూట పిల్లల్ని ఆ కుందేలు కిందే పడుకోబెడతారమ్మా."

ఒక రకం పింజ ఎన్నిసార్లు ఉతికినా తొట్టి అడుగున ఇసుక దిగడం తల్లికి గుర్తొచ్చింది. బూడిదరంగు పింజ, చూడ్డానికి హుందాగా ఉండేది. రంగు బాగుందని, మాసినా కనబడదని, పిడుగు స్వెట్టరు ముందువైపంతా దానితోనే అల్లింది. అది ఎవరి చాప మీదదో మాస్టారు రోజూ గొప్పగా చెప్పేవాడు. కిటికీ పక్క చాప, కాంట్రాక్టరుది. క్లాసు జరిగే హాలు కట్టిందీ ఆయనే, మాస్టారికి వాడుకోమని ఇచ్చిందీ ఆయనే. మిల్లు పక్క గది కట్టిందీ ఆయనే. పడుకున్న నిమిషంలో గురక తీసి, లేచాక చేతులు పైకి చాచి, "మాస్టారూ, మీ దగ్గర పడుకుని లేస్తే పసిపిల్లాణ్ణి అయిపోతానండీ," అనేవాడు. అందరిలోకీ ఆయనకే ఎక్కువ రాలేది. ఆ సాధన చూసి నేర్చుకోమని మాస్టారు మిగతావాళ్లకి చెప్పేవాడు.

దొంగకి నిద్ర పట్టడం సాధన అట. వాడి నిద్ర కోసం తొమ్మిదేళ్ల పిల్లకి జుట్టు నెరుస్తోంది.

"విప్పెయ్ ముందు ఆ స్వెట్టరు," అని తల్లి చెయ్యి వేసింది. పిడుగు రెండు చేతులూ గుండెకి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది.

"వద్దమ్మా. నేను తీసేస్తే ఇంక ఆ గోడ గురించి బెంగ ఎవరికీ ఉండదు."

తల్లి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మర్నాడు ఆమె మిల్లు పక్క గదికి వెళ్లింది. కుందేలు నవ్వుతూనే ఉంది. కింద వరసగా పసివాళ్లు నిద్రపోతున్నారు. వేలితో కొట్టి చూస్తే గోడ ఖాళీ డబ్బాలా మోగింది. ఆ గది చూసుకునే పెద్దావిడకి విషయం చెప్పింది.

"గోడకేమమ్మా, మొన్ననే రంగు వేశారు," అందావిడ. "బెంగ మీ అమ్మాయి ఒంటి మీద ఉందంటున్నావు. మీ అమ్మాయి మాట మీద గోడ పడగొడితే నన్ను ఉంచుతారా? కట్టినాయన వచ్చి బాలేదంటే అప్పుడు చూద్దాం. ఆయనైతే నిమ్మకు నీరెత్తినట్టున్నాడు. మనిషి మొహంలో ఎంత శాంతి అనుకున్నావు."

ఆ శాంతి ఉతికి ఆరేస్తున్నది నేనేనని ఆమె చెప్పలేదు. ఇంటికొచ్చింది. మాస్టారు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏవండీ, ఆ కాంట్రాక్టరుని క్లాసుకి రావద్దనండి."

"ముందు కూర్చో," అన్నాడాయన. "ఊపిరి తీసుకో. నెమ్మదిగా."

"ఊపిరి తీసుకోవడానికి నాకు తీరికెక్కడిదండీ? మీరంతా కలిసి వదిలింది ఉతకడానికే సరిపోతోంది." నిలబడే అంతా చెప్పింది. మాస్టారు కళ్లు మూసుకుని విన్నాడు. కోపం రాకుండా వినడం ఆయనకి అలవాటు. ఆ అలవాటుకి ఊళ్లో మంచి పేరుంది. ఇంట్లో కోపం తెచ్చుకోవాల్సిన పనులన్నీ ఇంకొకరు చూసుకుంటుంటే ఎవరికైనా అంత మంచి పేరు వస్తుంది.

"మన పని బరువు దింపడం," అన్నాడు చివరికి. "మంచివాడిదా చెడ్డవాడిదా అని అడగం."

"దింపి ఎక్కడ పెడుతున్నారు?"

ఆయన కళ్లు తెరిచి, "పిల్లని రేపు హాలుకి తీసుకురా. ఒక్క శవాసనం వేయిస్తాను, మొత్తం దిగిపోతుంది," అన్నాడు.

"దిగితే? మళ్లీ ఊడ్చి సంచీలో వేసి తెస్తారా? ఈసారి చిన్నాడికి అల్లమంటారా?"

అత్తగారు మంచం మీంచి కలగజేసుకుంది. "ఇంకో రెండు ఉతుకులు ఉతికితే పోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకే? హాలు ఆయనది. ఆయన తాళం వేసుకుపోతే రేపు ఎక్కడ చెప్తాడు పాఠాలు, మన పెరట్లోనా?"

"అత్తయ్యా, మీ మనవరాలి తల ఒకసారి చూడండి."

ముసలావిడ పిడుగుని దగ్గరకి పిలిచి పాపిడి తీసి చూసింది. అప్పటికి తెల్లవి ఇంకా వచ్చాయి. తన నెరిసిన జుట్టు ముడి ఒకసారి తడుముకుంది.

సాయంత్రం తల్లి పిడుగు పక్కన కూర్చుంది. "నేను దీన్ని పారేయను. ఎవరిది వాళ్లకి ఇచ్చేద్దాం. అప్పుడు గోడ గురించి ఆయనకే ఉంటుంది. సరేనా?"

పిడుగు ఆలోచించింది. "ఆయన వేసుకుంటాడా?"

"వేసుకుంటాడు. ఊరికే ఇస్తే ఎందుకు వేసుకోడు?"

స్వెట్టరు విప్పి, అడుగు అంచు కత్తిరించి, ఊలు లాగారు. పిడుగు రెండు చేతులూ ముందుకి చాచి నిలబడితే తల్లి ఆ చేతులకి చుడుతూ పోయింది. పసుపుపచ్చ పోగు వస్తే తెంపి ఒక బుట్టలో, నాచురంగు వస్తే ఇంకో బుట్టలో వేసింది. చిన్నాడి స్వెట్టరు కూడా విప్పి ఆ బుట్టల్లోకే చేర్చింది. బూడిదరంగు మాత్రం తెగకుండా వస్తూనే ఉంది. దానితో పాటు సన్నని ఇసుక గచ్చు మీద రాలింది. చిన్నాడు ఆ ఇసుకలో బొమ్మకారు నడిపాడు.

ఆ ఊలుతో మఫ్లరు అల్లడం మొదలుపెట్టగానే ఆమె వేళ్లు కొయ్యబారాయి. ఒక్కో వరసకీ గోడ కూలిన చప్పుడు వినిపించేది. పళ్ల బిగువున అల్లింది. కూతురు ఇన్నాళ్లూ ఈ చప్పుడు వింటూ బడికి వెళ్లొచ్చింది కదా అనుకున్నప్పుడల్లా చేతి వేగం పెరిగింది. ముగింపు దగ్గర అత్తగారు చెయ్యి చాచింది.

"ఇలా ఇవ్వు. నీ కుట్లు వదులు. రెండు రోజుల్లో ఊడి కూర్చుంటుంది."

అంచు కట్టి, కొస లోపలికి దోపి, గట్టిగా లాగి చూసి ఇచ్చింది. "ఇప్పుడు వాడి జేజెమ్మ దిగొచ్చినా విప్పలేదు," అంది.

మర్నాడు క్లాసు వేళకి తల్లి చిన్నాణ్ణి చంకనేసుకుని, పిడుగుని వెంటబెట్టుకుని హాలు మెట్లెక్కింది. ఆ వేళప్పుడు ఆమె అక్కడికి రావడం అదే మొదలు. జనం చాపలు పరుచుకుంటున్నారు. నోట్లోంచి ఆవిరి వచ్చేంత చలి. పిడుగు గోడలకి దూరంగా హాలు మధ్యలో నిలబడింది.

కాంట్రాక్టరు నవ్వుతూ ఎదురొచ్చాడు. "రండమ్మా రండి. ఇన్నాళ్లకి మీకూ శాంతి కావాలనిపించిందా?"

"లేదండీ. మీకు ఇది ఇచ్చిపోదామని వచ్చాను. మీ ఊలే."

"చూశారా, మాస్టారి ఇల్లాలు నా కోసం అల్లింది," అని అందరికీ చూపించి, ఆయన మఫ్లరు మెడకి రెండు చుట్లు చుట్టి ముడి వేసుకున్నాడు. "ఎంత వెచ్చగా..." అని ఆగాడు.

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. బుగ్గల్లో ఉన్న నిగారింపు దిగిపోయింది. చెయ్యి దానంతట అది వెళ్లి పక్కనున్న గోడని వేలి కణుపుతో కొట్టింది. చెవి ఆనించి విన్నాడు. పిడుగు అది చూసి తల్లి కొంగు పట్టుకుంది.

"మాస్టారూ," అన్నాడు కాంట్రాక్టరు. "నా చాప వేయండి. ఇవాళ ముందే పడుకుంటాను. ఒక్కసారి పడుకుంటే దిగిపోతుంది. త్వరగా వేయండి."

మాస్టారి చేతిలో చాప ఉంది. సగం విప్పాడు కూడా. ఎదురుగా కూతురు ఉంది. ఆ పిల్ల అడగలేదు, ఏడవలేదు. ఆ చాప మీద కాంట్రాక్టరు పింజ ఎక్కడెక్కడ పడుతుందో చూస్తున్నట్టు, దాని వంకే చూస్తోంది. ఇన్నేళ్లు ఇంటికి మోసుకుపోయిన సంచీల బరువు మాస్టారికి ఆ చూపుతో తెలిసొచ్చింది. చాప మళ్లీ చుట్టేశాడు.

"ఇవాళ మీకు క్లాసు లేదండి," అన్నాడు.

"నా హాల్లో నాకు లేదా?"

"హాలు మీదే." మాస్టారు జేబులోంచి తాళంచెవి తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. "మిగతావాళ్లు కూడా వెళ్లండి. ఇంక నేను ఎవరిదీ ఊడ్చి ఇంటికి తీసుకుపోను. ఎక్కడో ఒక చోటు దొరికితే పాఠం చెప్తాను. ఎవరి చాప వాళ్లు దులుపుకుని, రాలింది ఇంటికి పట్టుకుపోయేటట్టయితేనే రండి."

కాంట్రాక్టరు తాళంచెవి వంక చూడలేదు. మెట్లు దిగుతున్నప్పుడు ఒక్కో మెట్టునీ కాలితో నొక్కి చూసుకుంటూ దిగాడు. వీధిలోకి వచ్చాక పరిగెత్తాడు.

తల్లీ పిల్లలూ మిల్లు దగ్గరికి చేరేసరికి ఆయన అప్పటికే పసివాళ్ల గదిలో ఉన్నాడు. పెద్దావిడతో చేతులు ఊపుతూ ఏదో చెప్తున్నాడు. ఆవిడ నమ్మలేక రెండుసార్లు అడిగింది. మూడోసారి ఆయన ఒప్పుకున్నది వీధిలోకి వినిపించింది. "నేనే కలిపానమ్మా ఇసుక. నేనే." మిల్లులోంచి తల్లులు మరలు ఆపి వచ్చారు. ఎవరి పిల్లల్ని వాళ్లు, ఎవరి పిల్లలు దొరికితే వాళ్లని, దుప్పట్లతో సహా ఎత్తి ఎదుటి ఆవరణలోకి తెచ్చారు. ఒకావిడ వెళ్తూ వెళ్తూ ఆయన మొహం మీదే అంది: "ఇన్నాళ్లూ ఎలా నిద్రపట్టింది నీకు?" ఎలా పట్టిందో ఆయనకి తెలుసు.

మేస్త్రీ వచ్చి కుందేలు చెవి దగ్గర గడ్డపలుగు ఆనించాడు. గట్టిగా పొడవలేదు, చోటు చూసుకోవడానికి ఆనించాడంతే. గోడ మొత్తం లోపలికి కూలింది. ఖాళీ గచ్చు మీద ఇటుకలూ ఇసుకా కుప్పపోసినట్టు పడ్డాయి. దుమ్ము ఆవరణ దాటి వీధిలోకి వచ్చింది. తల్లులు పిల్లల్ని ఇంకొకసారి లెక్కపెట్టుకున్నారు.

పిడుగు దుమ్ము అణిగేదాకా చూసింది. "అమ్మా, ఆకలేస్తోంది," అంది. "ఏం తేలేదా? ఎప్పుడూ ఇంతే నువ్వు. వాడికి తెచ్చావు, నాకు తేలేదు." తల్లి చిన్నాడి చేతిలోని రొట్టె సగం విరిచి ఇచ్చింది. చిన్నాడు గోల పెట్టాడు.

కాంట్రాక్టరు ఇటుకల మధ్య మోకాళ్ల మీద కూలబడ్డాడు. మెడ దగ్గర ముడి పట్టుకుని లాగుతున్నాడు. ఎంత లాగినా అది బిగుస్తోంది. చివరికి ఒక కొస చేతికి దొరికింది. అప్పుడే ఒక ఆయా, నిద్రపోతున్న పసివాణ్ణి భుజాన వేసుకుని అటుగా వచ్చింది. జరిగిందేమిటో ఇంకా ఎవరూ ఆవిడకి చెప్పలేదు. పాపం ఎవరో పెద్దమనిషి సాయానికొచ్చి దుమ్ములో కూర్చున్నాడనుకుంది.

"తీయకండి బాబూ," అంది. "గోడ కూడా లేదు, గాలి నేరుగా కొడుతోంది."

ఆయన తలెత్తి ఆవిణ్ణి చూశాడు. ఆవిడ భుజం మీది పసివాణ్ణి చూశాడు. చేతిలోని కొసని మళ్లీ చుట్టుకుని, ముడి బిగించి, ఒక్కో ఇటుకా ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు.